వచ్చే చెకప్‌లో చూద్దాం

నేను గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ టీకా గురించి డాక్టర్ గారు నన్ను మూడుసార్లు అడిగారు. 10వ వారంలో ఒకసారి, 16వ వారంలో ఒకసారి, 20వ వారం స్కాన్ అయ్యాక మరోసారి. మూడుసార్లూ నా నోట ఒకటే మాట వచ్చింది: "వచ్చే చెకప్‌లో చూద్దాం మేడమ్." వద్దని ఒక్కసారి కూడా అనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు, జవాబు చెప్పాలి. వాయిదా వేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. 26వ వారంలో నాకు ఫ్లూ వచ్చింది.

ఎందుకు వాయిదా వేశానో చెప్పాలంటే అంతకు ముందు ఏడాది సంగతి చెప్పాలి. అప్పుడు 9వ వారంలో గర్భం పోయింది. కారణం తేలలేదు. తొలి వారాల్లో పోయే గర్భాల్లో సగం దాకా పిండం క్రోమోజోముల్లో ఉన్న లోపం వల్లే పోతాయని, అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదని డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు. విన్నాను, తలూపాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ తొమ్మిది వారాలనూ ఒక్కో రోజు చొప్పున తవ్వుకున్నాను. ఏ మాత్ర వేసుకున్నాను, ఏ బరువు ఎత్తాను, ఏ రాత్రి సరిగ్గా పడుకోలేదు. మళ్లీ నెల తప్పినప్పుడు నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను, ఈసారి ఒంట్లోకి అనవసరమైనది ఏదీ వెళ్లనివ్వనని. ఐరన్, ఫోలిక్ యాసిడ్ తప్ప నా దృష్టిలో అన్నీ అనవసరమే. తలనొప్పి వచ్చినా పారాసిటమాల్ ముట్టుకోలేదు.

అలా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతుకుతుంటే 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం కంటపడింది. వరుసగా రెండేళ్లు హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) రకం ఉన్న ఫ్లూ టీకా వేయించుకున్న గర్భిణుల్లో, టీకా తర్వాత 28 రోజుల లోపు గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని అందులో ఉంది. అంతవరకే చదివాను. టీకాయే కారణమని దీంతో తేల్చలేమని ఆ పరిశోధకులే రాశారు. నిజానికి అంతకు ముందు ఏడాది నేను ఫ్లూ టీకా వేయించుకోనే లేదు కాబట్టి, ఆ లెక్క నాకు వర్తించేది కూడా కాదు. అదే బృందం తర్వాత మూడు సీజన్ల వివరాలను ఇంకా ఎక్కువ మందితో పరిశీలించి 2019లో ప్రచురించింది. అందులో ఆ సంబంధం కనిపించలేదు. ఇవేవీ ఆ రాత్రి నాకు తెలియవు. ఒకసారి బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల కంట్లో గర్భస్రావం అన్న మాట పడితే, దాని కింద రాసిన పేరా కనిపించదు.

ఇంట్లో ఎవరూ బలవంతం చేయలేదు. "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివే! అయినా డాక్టర్ గారు చెప్తున్నారు కదా, ఆలోచించుకో" అంది అమ్మ. మా ఆయన "నీకు ఏది ధైర్యంగా అనిపిస్తే అదే చేద్దాం" అన్నారు. నాకు ఏదీ ధైర్యంగా అనిపించలేదు.

ఫ్లూ వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాను. జలుబైతే ముందు గొంతు గరగర, తర్వాత ముక్కు, మెల్లగా తెలుస్తుంది. ఇది అలా రాలేదు. మూడింటికి నడుము, తొడలు, కళ్ల వెనక ఒక్కసారిగా నొప్పి మొదలైంది. సాయంత్రానికి వణుకు, 102 డిగ్రీల జ్వరం. మాత్ర వేసుకోమని మా ఆయన బతిమాలారు. నేను తడిగుడ్డతోనే సరిపెట్టాను. మర్నాడు దగ్గు పట్టుకుంది, పడుకుంటే ఊపిరి ఆడదు. దిండ్లు ఆనుకుని కూర్చునే ఆ రాత్రి గడిపాను. ఫోన్ చేయాలని అందరూ అంటున్నా, "మామూలు జ్వరమే, రేపటికి తగ్గుతుంది" అన్నాను. అక్కడా వాయిదాయే.

నాలుగో రోజు తెల్లవారుజామున బాత్రూమ్ దాకా వెళ్లి వచ్చేసరికి ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయాను. రెండు మాటలు, ఒక ఊపిరి. మళ్లీ రెండు మాటలు. దానికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది కడుపులో నిశ్శబ్దం. రోజూ రాత్రి నేను ఎడమవైపు తిరిగి పడుకోగానే బిడ్డ కదిలేది. ఆ రాత్రి అంతా చెయ్యి పెట్టుకుని చూశాను. ఏమీ తెలియలేదు. మా ఆయన్ని లేపి "పదండి" అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను.

ఆసుపత్రిలో వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 93 చూపించింది. అంత తక్కువేం కాదేమో అనుకున్నాను. గర్భిణికి 95 కంటే తగ్గనివ్వకూడదని, బిడ్డకు ఆక్సిజన్ అందేది తల్లి రక్తం నుంచేనని నర్సు చెబుతూనే మాస్క్ పెట్టేసింది. పొట్ట చుట్టూ బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు పట్టారు. ఆ శబ్దం వినిపించేదాకా నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తు లేదు. టకటకా టకటకా, పరుగెడుతున్నట్టు వినిపించింది. నిమిషానికి 178. మామూలుగా 110కీ 160కీ మధ్య ఉండాలి. "తల్లికి జ్వరం ఎక్కువైతే బిడ్డ గుండె కూడా ఇలాగే పరుగెడుతుందమ్మా. ముందు జ్వరం దించుదాం" అన్నారు డ్యూటీ డాక్టర్. బిడ్డకు మంచిదని నేను మూడు రోజులు దూరం పెట్టిన పారాసిటమాల్‌నే, బిడ్డ కోసం నా చేతిలో పెట్టారు. రెండు గంటల తర్వాత ఆ అంకె 150కి వచ్చింది. కాసేపటికి కడుపులో ఒక తన్ను. అప్పుడు ఏడ్చాను.

ముక్కులోంచి తీసిన నమూనాలో ఇన్‌ఫ్లూయెంజా ఎ అని తేలింది. పొట్టకు అడ్డు పెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా కనిపించింది. యాంటీబయాటిక్‌తో పాటు ఫ్లూ వైరస్‌ని అడ్డుకునే ఆసెల్టమివిర్ అనే మందు ఇచ్చారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు. లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే అది బాగా పనిచేస్తుందట. నేను ఆ సమయం దాటించి వచ్చాను. గర్భిణులకు, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లకు ఆలస్యమైనా ఇస్తారని, ప్రయోజనం ఉంటుందని చెప్పారు. ఇది చదివే గర్భిణులెవరికైనా ఉన్నట్టుండి జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు వస్తే, టీకా వేయించుకున్నా సరే, అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఫోన్ కూడా వద్దు, నేరుగా వెళ్లండి.

నా డాక్టర్ గారు రెండో రోజు వచ్చారు. "నేను చెప్పానా లేదా" అని ఒక్క మాట అనలేదు. నేనే అడిగాను, మామూలు మనుషులు వారంలో లేచి తిరిగే జబ్బు నన్నెందుకు ఇలా పడేసిందని. పెరిగే గర్భసంచి ఊపిరితిత్తుల కింద ఉండే పొరను పైకి నెడుతుందని, మరోవైపు ఒంటికి కావలసిన ఆక్సిజన్ దాదాపు 20 శాతం పెరుగుతుందని, గుండె కూడా అప్పటికే ఎక్కువ పని చేస్తుంటుందని చెప్పారు. రోగనిరోధక వ్యవస్థ తీరూ మారుతుంది. "మీ ఊపిరితిత్తుల్లో అదనంగా వాడుకోవడానికి మిగిలింది తక్కువ. ఇన్‌ఫెక్షన్ వస్తే అదీ పోతుంది" అన్నారు. 2009లో హెచ్1ఎన్1 వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు ఒక శాతం ఉంటే, ఆ జబ్బుతో పోయినవాళ్లలో ఐదు శాతం వాళ్లేనట.

"అప్పుడే వేయించుకుని ఉంటే నాకిది వచ్చేది కాదా మేడమ్?"

"రాదని నేను చెప్పను" అన్నారు. "టీకా ఆ ఏడాది వైరస్‌కి బాగా కుదిరినప్పుడు కూడా ఆపేది 40 నుంచి 60 శాతమే. కానీ వచ్చినా ఇక్కడిదాకా రాకుండా ఉండే అవకాశం పెరుగుతుంది." ఆ నిజాయితీ నాకు నచ్చింది. నూటికి నూరు అని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

ఆరు రోజులకు ఇంటికి పంపారు. ఇంటికొస్తే అయిపోయినట్టే అనుకున్నాను కానీ అసలు నీరసం అక్కడే మొదలైంది. స్నానం చేసి వస్తే అరగంట పడుకోవాల్సి వచ్చేది. దగ్గితే పక్కటెముకలు, పొట్ట కండరాలు లాగి కన్నీళ్లు వచ్చేవి. మెట్లు ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. దగ్గు పూర్తిగా పోయేసరికి 31వ వారం. బిడ్డ ఎదుగుదల బాగానే ఉందని స్కాన్‌లో చెప్పాక గానీ రాత్రుళ్లు కంటినిండా నిద్రపోలేదు.

అదే 31వ వారంలో నాలుగోసారి అడిగారు. నేను ఆశ్చర్యపోయాను. వచ్చి పోయింది కదా, ఇంకా ఎందుకు? నన్ను పట్టుకున్నది ఒక రకమేనని, టీకాలో మిగతా రకాలూ ఉంటాయని, సీజన్ ఇంకా అయిపోలేదని చెప్పారు. ఇంకో సంగతి చెప్పారు. నేను అంతకు ముందు ఎప్పుడూ ఆలోచించనిది. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. ఆ ఆరు నెలలూ బిడ్డకు ఉండే ముఖ్యమైన రక్షణ తల్లి ఒంట్లో తయారై మాయ గుండా వెళ్లిన యాంటీబాడీలే. బంగ్లాదేశ్‌లో 340 మంది గర్భిణులతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్లూ టీకా తీసుకున్న తల్లుల పిల్లల్లో ఆరు నెలల వరకు ఫ్లూ 63 శాతం తక్కువగా కనిపించిందట.

ఈసారి వాయిదా వేయలేదు, అలాగని వెంటనే సరే అనలేదు. నా దగ్గరున్న ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని మర్నాడు వెళ్లాను. ఇందులో బతికున్న వైరస్ ఉంటుందా? ఇంజెక్షన్‌లో ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. ముక్కులో కొట్టే స్ప్రే రకంలో బలహీనపరిచిన వైరస్ ఉంటుంది కాబట్టి దాన్ని గర్భిణులకు ఇవ్వరు. పాదరసం ఉంటుందని విన్నాను? ఎక్కువ డోసులు ఉండే సీసాల్లో థయోమెర్సాల్ అనే నిల్వ పదార్థం అతి కొద్దిగా ఉంటుంది, దానివల్ల హాని జరిగినట్టు తేలలేదు, ఒక్క డోసు సిరంజిల్లో అది ఉండదు. ఏ నెలలోనైనా వేయొచ్చా? వేయొచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెబుతుంది. చివరికి ఆ 2017 అధ్యయనం గురించి అడిగాను. నా గొంతు వణికింది. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, 2019లో వచ్చిన రెండో అధ్యయనం తెరిచి నా పక్కన కూర్చుని చదివించారు. "ఇది మొదటి రోజే అడిగి ఉంటే మొదటి రోజే చదివేవాళ్లం కదమ్మా" అన్నారు. అందులో నింద లేదు. నాకైతే ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నాకు కావలసిన జవాబు ఆ గదిలోనే ఉంది. అడగడానికే భయపడ్డాను. అడిగితే నిజమని చెబుతారేమోనన్న భయం అది.

ఆ రోజే వేయించుకున్నాను. రెండు రోజులు భుజం నొప్పిగా ఉంది. మొదటి రాత్రి ఒళ్లు కాస్త వెచ్చబడితే మాత్ర వేసుకున్నాను. బిడ్డ కదలికలు లెక్కపెడుతూ కూర్చున్నాను, ఆ భయం ఒక్క సూదితో పోయేది కాదు. యాంటీబాడీలు తయారవడానికి రెండు వారాలు పడుతుందన్నారు కాబట్టి క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టాను.

పాప 38వ వారంలో పుట్టింది. దానికి రెండు నెలలప్పుడు మా ఆయనకు ఫ్లూ వచ్చింది. ఆయన వేరే గదిలో ఉండి, మాస్క్ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి పాపను చూసుకునేవారు. నాకూ పాపకూ రాలేదు. అది టీకా వల్లో, జాగ్రత్త వల్లో, అదృష్టం వల్లో నేను చెప్పలేను.

వచ్చే నెల 14న పాపకు ఆరు నెలలు నిండుతాయి. మొదటిసారి వేయించుకునే చిన్నపిల్లలకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు ఇస్తారు. రెండు తేదీలూ డాక్టర్ గారితోనే మాట్లాడి ఖాయం చేసుకుని వచ్చాను.