కే-20: ఫోకస్ రింగే లేని కెమెరా

పాత కెమెరాల పిచ్చి ఉన్న మాలాంటి వాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. ఎన్ని మీటలు, ఎన్ని రింగులు, ఎన్ని అంకెలు కనిపిస్తే అంత గొప్ప కెమెరా అనుకుంటాం. ఆ లెక్కన ఫెయిర్‌చైల్డ్ కే-20ని పక్కన పడేయాల్సిందే. ఫోకస్ రింగ్ లేదు, లైట్ మీటర్ లేదు, లెన్స్ మార్చే వీలు లేదు, ఫిలిం మీదికి వెలుగుని వదిలే షట్టర్‌కి ఉన్నవి మూడే వేగాలు: సెకనులో 1/125, 1/250, 1/500 వంతు. అయినా నేను చూసిన పాత కెమెరాల్లో ఇంత ఆలోచించి చేసింది ఇంకోటి లేదంటాను, ఎవరు వాదనకు వచ్చినా సరే.

ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అమెరికా విమానాల్లో కిటికీలోంచో, తలుపు పక్క నుంచో, తోక దగ్గర నుంచో చేత్తో పట్టుకుని నేలను ఫొటో తీయడానికి చేశారు. డిజైన్ ఫెయిర్‌చైల్డ్ కంపెనీది, తయారీ మాత్రం లైసెన్సు మీద న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఫోల్మర్ గ్రాఫ్లెక్స్ వాళ్లు చేశారు, 1941 నుంచి 1945 లోపు దాదాపు 15,000. మా బావమరిది ఉద్యోగం ఆ ఊళ్లోనే. ఆ చుట్టుపక్కల పాత సామాన్ల సంతల్లో కొడాక్ వస్తువులూ, గ్రాఫ్లెక్స్ వస్తువులూ ఎక్కడ చూసినా కనిపిస్తాయి, అలా ఒకటి వాడి ఇంటికి చేరింది. మొన్న వెళ్లినప్పుడు పిల్లలు పార్కుకి, పెద్దలు షాపింగ్‌కి పోయారు, నేను దాన్ని ముందేసుకుని కూర్చున్నాను.

చేతిలోకి తీసుకోగానే తెలిసేది బరువు, సుమారు ఐదు కిలోలు. ముందు లావుపాటి గొట్టం, దాని లోపల లెన్స్, వెనక ఫిలిం ఉండే పెట్టె, పైన గురి చూసుకోవడానికి మామూలు చట్రం, పట్టుకోవడానికి పిడులు. ట్రిగ్గర్ పిడి దగ్గరే ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు చెయ్యి తీయక్కర్లేదు. ఏ భాగం ముట్టుకున్నా పెద్దదిగానే ఉంది, గోటితో తిప్పాల్సిన బుల్లి చక్రాలు ఏమీ లేవు. ఇంత మొరటుగా ఎందుకు చేశారా అనిపిస్తుంది కానీ, అప్పటి బాంబర్లలో చాలావాటికి పక్క కిటికీలు తెరిచే ఉండేవి, పైన చలి సున్నాకి ఎంతో కింద, మనిషి ఒంటి నిండా తోలు బట్టలు, చేతులకి మందపాటి గ్లవ్స్. ఆ గ్లవ్స్‌తో మన డీఎస్ఎల్ఆర్ మెనూ నొక్కి చూడండి, తెలుస్తుంది.

ఫోకస్ సంగతి చూద్దాం. లెన్స్ ఫోకల్ లెంగ్త్ 6⅜ అంగుళాలు, అంటే 162 మిల్లీమీటర్లు, ఎఫ్ 4.5 (లెన్స్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే అంకె). కొన్నిటికి కొడాక్, కొన్నిటికి ఇలెక్స్, కొన్నిటికి బాష్ అండ్ లాంబ్ లెన్సులు పెట్టారు. ఎవరిదైనా సరే ఫ్యాక్టరీలోనే అనంత దూరానికి ఫోకస్ సరిచేసి బిగించేస్తారు, అంతే, ఇక కదలదు. విమానంలోంచి తీసేవాడికి దగ్గరి వస్తువంటూ ఏదీ ఉండదు కదా. నేను లెక్క వేసి చూశాను: ఈ లెన్స్‌ని పూర్తిగా తెరిచినా, నూరూ నూట ఇరవై మీటర్లు దాటిన ప్రతిదీ స్పష్టంగానే పడుతుంది. అంత కిందికి దిగి తీసే పరిస్థితే వస్తే ఫొటో కన్నా ముందు ఆలోచించాల్సినవి వేరే ఉంటాయి! రింగ్ పెట్టి ఉంటే అది ఏ కుదుపుకో జరిగిపోయేది, ఫిలిం చుట్ట మొత్తం మసకగా వచ్చేది, ఆ సంగతి కిందికి దిగి ఫిలిం కడిగేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

షట్టర్ కథ ఇంకా బాగుంటుంది. విమానం గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 83 మీటర్లు. 1/500 సెకనులో 17 సెంటీమీటర్లు జరుగుతుంది. 1,000 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి ఈ లెన్స్‌తో తీస్తే బొమ్మ స్కేలు సుమారు 1:6,200 కాబట్టి, ఆ 17 సెంటీమీటర్లు ఫిలిం మీద 0.03 మిల్లీమీటర్ల కన్నా తక్కువ, కంటికి ఆనదు. అదే 1/125 దగ్గర తీస్తే 0.1 మిల్లీమీటరు దాటుతుంది, పెద్దది చేసి చూస్తే రోడ్ల అంచులు మెత్తబడిపోతాయి. 1/125 కన్నా నెమ్మదైన వేగాలు ఎందుకు పెట్టలేదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

షట్టర్ ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. అంతకు ముందు వచ్చిన విమాన కెమెరాల్లో చాలావాటిలో షట్టర్ ఫిలిం ముందే ఉండేది: ఒక గుడ్డ తెర, దానిలో సన్నటి చీలిక, ఆ చీలిక ఫిలిం మీదుగా జరుగుతూ పోతుంది. అంటే ఫిలిం పై భాగానికీ కింది భాగానికీ వెలుగు పడేది ఒకే క్షణంలో కాదు. నేల మీద నిలబడి తీసేవాడికి దాంతో పెద్ద పేచీ లేదు, కానీ విమానం కదులుతుంటే బొమ్మ సాగుతుంది, లేదా పక్కకి ఒరుగుతుంది, అలాంటి ఫొటోలతో మ్యాపు గీస్తే దూరాలన్నీ తప్పులే. (ఫోన్‌లో రైలు కిటికీలోంచి వీడియో తీస్తే కరెంటు స్తంభాలు వంగి కనిపిస్తాయి చూడండి, అదే గొడవ.) ఫెయిర్‌చైల్డ్ కంపెనీ పెట్టిన షెర్మన్ ఫెయిర్‌చైల్డ్ పట్టుకున్నది దీన్నే. లెన్స్ అద్దాల మధ్యే షట్టర్ పెడితే ఫిలిం మొత్తానికీ ఒకేసారి వెలుగు పడుతుంది. వినడానికి తేలికే గానీ, అంత పెద్ద లెన్స్ మధ్యలో రేకులు 1/500 సెకనులో తెరుచుకుని మూసుకోవాలంటే మాటలు కాదు. 1920లో ఆయన సొంత కంపెనీ పెట్టాడు, 1921 ఆగస్టులో వంద ఫొటోలు కలిపి మన్‌హట్టన్ దీవి మొత్తానికి మ్యాపు చేసి చూపించాడు.

ఈయన గురించి ఇంకో ముక్క చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లే ఉంటారు. 1957లో చిప్పుల కంపెనీ ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్‌కి డబ్బు పెట్టింది ఈ కెమెరా కంపెనీయే. అక్కణ్నుంచి బయటికొచ్చిన రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ 1968లో ఇంటెల్ పెట్టారు. విమానం కెమెరాల డబ్బు చిప్పుల్లోకి పోయిందన్నమాట.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది వెనక పెట్టె. కే-20లో వాడేది 5¼ అంగుళాల వెడల్పు చుట్ట ఫిలిం. ఇరవై అడుగుల చుట్ట వేస్తే యాభై ఫొటోలు, ఒక్కొక్కటి 4×5 అంగుళాలు. అంత వెడల్పు ఫిలిం, అదీ చుట్టలోంచి వచ్చేది, చెప్పినట్టు చదునుగా ఉండదు, మధ్యలో ఉబ్బుతుంది. ఎఫ్ 4.5 దగ్గర అర మిల్లీమీటరు ఉబ్బినా అక్కడ 0.1 మిల్లీమీటరు మసక వచ్చేస్తుంది. లెన్స్ మీద పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసినట్టే. అందుకని ఫిలిం వెనక ఒక పలక పెట్టారు, దాని మీద సన్నటి గాడులు, చిన్న రంధ్రాలు. ఫొటో పడే క్షణంలో ఆ రంధ్రాల గుండా గాలి లాగేస్తే ఫిలిం పలకకు అతుక్కుపోతుంది. మ్యాపుల కోసం విమానం పొట్టలో బిగించే పెద్ద కెమెరాలకు ఈ గాలి లాగే ఏర్పాటు విమానం వైపు నుంచే ఉంటుంది, గొట్టం కలపాలి. చేత్తో పట్టుకుని ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిరిగేవాడు గొట్టం ఎక్కడ ఈడ్చుకుపోతాడు? అందుకే కే-20లో ఆ పనికి కెమెరా లోపలే ఒక చిన్న తిత్తి ఉంది, కమ్మరి కొలిమి తిత్తి లాంటిదే, కాకపోతే అది గాలి ఊదుతుంది, ఇది పీలుస్తుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, నడిపేది తీసేవాడి చేతి బలమే. పక్కనున్న పిడి తిప్పితే ఫిలిం జరుగుతుంది, షట్టర్ కూడా బిగుస్తుంది. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని ఒకటి తగ్గింది.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద లేచిన ఆ పొగ మేఘం ఫొటో మీరంతా చూసే ఉంటారు. అణుబాంబు వేసిన ఎనోలా గే విమానం తోకలో కూర్చున్న గన్నర్ జార్జ్ కారన్ తీశాడు, కే-20తోనే. ఆయన ఫొటోగ్రాఫర్ కాదు. ఒక మనిషికి బయల్దేరే ముందు కెమెరా చేతికిచ్చి తీయమంటే తీయగలిగేలా దాన్ని తయారు చేశారు, తీశాడు. డిజైన్ గెలిచిందని దీన్ని చూపించి చెప్పడానికి నాకు మనసొప్పదు, కానీ ఈ కెమెరా గురించి రాస్తూ ఆ ఫొటో ఊసెత్తకుండా దాటేయడం అంతకన్నా తప్పు.

మ్యాపుల కోసం తీసే కెమెరాలది వేరే జాతి: 23×23 సెంటీమీటర్ల నెగటివ్, లెన్స్ వంకర ఎంతో ముందే కొలిచి పెట్టుకోవడం, ఫొటో అంచుల్లో కొలత గుర్తులు. హైదరాబాద్‌లో 1974లో మొదలైన ఎన్ఆర్ఎస్ఏ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ), ఇప్పటి ఎన్ఆర్ఎస్‌సీ, విమానాల నుంచి సర్వేలు చేసింది అలాంటివాటితోనే. వాటి గురించి విడిగా రాయాలి, ఇందులో ఇరికిస్తే అన్యాయం.

మా బావమరిదికి ఇప్పుడొక ఆలోచన వచ్చింది. వెనక పెట్టె కోసేసి, మామూలు 4×5 షీట్ ఫిలిం (చుట్ట కాకుండా విడి ముక్కలుగా వచ్చే ఫిలిం) హోల్డర్ పట్టేలా చేద్దామంటాడు. చాలామంది చేస్తున్నారు కూడా. లెన్స్‌ని నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకి జరిపితే ఐదారు మీటర్ల దూరంలో మనిషిని తీయొచ్చు. "వాడకుండా అల్మారాలో పెట్టుకుంటే ఏం లాభం బావా?" అన్నాడు. మాట నిజమే, కానీ కోస్తే ముందు పోయేది ఆ తిత్తీ, ఆ పలకే. అవి పోయాక మిగిలేది బరువైన మామూలు కెమెరా, దానికన్నా మంచివి సగం ధరకే దొరుకుతాయి. పైగా ఫిలిం అసలు దొరకదని కూడా కాదు, 5 అంగుళాల ఏరియల్ ఫిలిం పాత నిల్వల్లోంచి అప్పుడప్పుడు అమ్మకానికి వస్తూనే ఉంటుంది. వెడల్పు పావు అంగుళం తక్కువ కాబట్టి అటూ ఇటూ ఏదైనా అడ్డు పెట్టాలి, పలక మీద అంచు రంధ్రాలు కొన్ని మూయాలేమో. రంపం పట్టుకుని తొందరపడకు, కొన్నాళ్లు ఆగు అని చెప్పి వచ్చాను. మీలో ఎవరి దగ్గరైనా అలాంటి చుట్ట ఉంటే, కాలం చెల్లిపోయినదైనా పర్లేదు, ఒక మాట చెప్పండి, వాడి మనసు మారేలోపు.