74 నాకు 21గా కనిపించింది

ఉద్యోగానికి వైద్య పరీక్షలు ఎట్టకేలకు ముగిశాయి. ఎత్తు, బరువు, రక్తపోటు, ఎక్స్‌రే ఇట్టే అయిపోయాయి. దూరపు అక్షరాలను చివరి వరుస దాకా గడగడా చదివేశాను. చిక్కంతా చుక్కల పుస్తకంతోనే వచ్చింది.

జపాన్ నేత్రవైద్యుడు షినోబు ఇషిహారా 1917లో తెచ్చిన రంగుల చూపు పరీక్ష అది. రంగు చుక్కల మధ్య దాగిన అంకెను చదవాలి. మొదటి పుటలోని 12 అందరికీ కనిపిస్తుంది. తర్వాత ఒక పుటలో నేను 21 అన్నాను. అక్కడున్నది 74 అట. పరీక్షకుడు పుస్తకం మూసి, జేబులోంచి పెన్ను తీసి "ఇది ఏ రంగు?" అన్నాడు. నీలం అన్నాను. ఫైలు? ఎరుపు. కిటికీ తెర? ఆకుపచ్చ. అన్నీ సరిగ్గానే చెప్పాను. "మరి పుస్తకం దగ్గర మాత్రం గుడ్డివాడివా?" అని వరుసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా అడిగాడు. వెనక నవ్వులు. ఒకాయన తన చొక్కా పట్టి చూపిస్తూ దీని రంగు కూడా చెప్పమన్నాడు!

రోజూ ఆ పుస్తకం తిప్పే మనిషికి అది ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఎలా? పెన్ను, ఫైలు లాంటి ముదురు రంగులను వెలుగు తేడాతోనైనా పోల్చుకోవచ్చు. ఆ ఆధారం దొరకకూడదనే పుస్తకంలో చుక్కల సైజును, వెలుగును కావాలని కలగాపులగం చేశారు. పైగా దాన్ని పగటి వెలుగులో, 75 సెంటీమీటర్ల దూరం నుంచి చూపించాలి. ఆయన మసక బల్బు కింద ముక్కు దగ్గర పెట్టాడు. నియమం ప్రకారం చూపినా నాకు 21 కనిపించేదే, అది వేరే సంగతి.

పై పరీక్ష కోసం నన్ను పంపిన చోట నేత్ర నిపుణురాలు మాత్రం ఓపికగా చెప్పారు. కంటి వెనక పొర రెటీనాలోని శంకు కణం తనపై ఎంత కాంతి పడిందో చెప్పగలదు, ఏ రంగు కాంతో చెప్పలేదు. సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర బాగా స్పందించే మూడు రకాల కణాల సంకేతాలను పోల్చి చూస్తేనే మనకు రంగు తెలుస్తుంది. నాలో మధ్య రకం 560 వైపు జరిగింది. దాంతో ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తగ్గిపోయింది. ఇది తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ సంగతి కాబట్టి నాన్నను నిందించి లాభం లేదు.

తర్వాత రంగుల చూపును కొలిచే అనోమలోస్కోప్ అనే పరికరంలో ఒక వృత్తం కనిపించింది. సగంలో అచ్చమైన పసుపు కాంతి, రెండో సగంలో ఎరుపు, ఆకుపచ్చ కాంతుల మిశ్రమం. మీట తిప్పి రెండూ ఒకటయ్యాయన్నాను. ఆవిడ కన్ను పెట్టి చూసి, "మీ మిశ్రమం నాకు ఆకుపచ్చగా ఉందండీ" అన్నారు. నాకు మాత్రం సగాల మధ్య గీత కూడా కనబడలేదు! 1794లోనే తన రంగుల చూపు గురించి పత్రం సమర్పించిన జాన్ డాల్టన్ కంటే నా లోపం తక్కువేనట. ఆయనలో ఆ మధ్య రకం కణాల్లో కాంతిని పట్టే వర్ణకమే లేదని 1995లో, దాచి ఉంచిన ఆయన కంటి డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. పరమాణు సిద్ధాంతం చెప్పినవాడి సరసన చేరినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

పుస్తకం దగ్గర తప్పితే ఊరుకోకండి, ఈ అనోమలోస్కోప్ పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగండి. లోపం పోతుందంటూ రంగుటద్దాలు అమ్మేవాళ్లను దగ్గరకు రానివ్వకండి. అవి కాంతిని వడకడతాయే గానీ కణాలను మార్చవు. నన్ను సిగ్నళ్లతో పనిలేని విభాగానికి అర్హుడిగా రాశారు. నియామక పత్రం ఇంకా రావాలి.