కోట లేని రాజధాని

లండన్‌లో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా పిల్లలే గైడ్లు. థేమ్స్ ఒడ్డున టవర్‌కు తీసుకెళ్ళి కిరీటాలు ఎక్కడ దాచారో, ఏ రాణి తల ఎక్కడ తీశారో గడగడా అప్పజెప్పేస్తారు. అది తెలిసి కూడా ఆగస్టులో నెల్లూరు వెళ్ళినప్పుడు నేను నోరు జారాను. ఇదీ ఒకప్పుడు రాజధానే, అసలు పేరు విక్రమసింహపురి, మనుమసిద్ధి ఏలిన ఊరు అని. పన్నెండేళ్ళ మావాడు వెంటనే అడిగాడు, "కోట ఎక్కడ?"

కోటమిట్టకు తీసుకెళ్ళాను. పేరులో కోట ఉంది, మిట్ట ఉంది. సందుల్లో తిరిగిందే తిరిగి, దుకాణాల మధ్య నిలబడి వాడు నా వంక జాలిగా చూశాడు. టికెట్టు లేని చోట చరిత్ర ఉంటుందని వాడికెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అక్కడి నుంచి రంగనాథస్వామి గుడికి. గాలిగోపురం చూసి కాసేపు మెత్తబడ్డాడు. ఎనిమిదేళ్ళ అమ్మాయి అద్దాల మంటపంలో తన ముఖాలు లెక్కపెట్టుకుంటూ కదలనంది. గుడి వెనక పెన్న. నేను చిన్నప్పుడు చూసిన పెన్నే, ఇసుకే ఎక్కువ. తిక్కన ఇక్కడే కూర్చుని భారతం రాశాడని ఊళ్ళో చెప్పుకుంటారు. 18 పర్వాల్లో 15 ఆయనవే అన్నాను. లెక్క బాగుందన్నాడు మావాడు, అంతే. రాజు గద్దె పోగొట్టుకుంటే ఆ కవే ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుణ్ణి ఒప్పించి సాయం తెచ్చాడన్నా కదలిక లేదు. 'మన సంస్కృతి' అంటూ మొదలుపెట్టగానే పిల్లల కళ్ళు ఎటు వెళతాయో ప్రవాసంలో ఉన్న ప్రతి అమ్మకూ తెలుసు.

మలైకాజా తినిపించి ఇంటికి తెచ్చేశాను.

రాత్రి మేడమీద మా నాన్న అందుకున్నారు. ఆయనకు కోటలతో పని లేదు. 13వ శతాబ్దంలో పశువుల మేత దగ్గర కాటమరాజుకూ నెల్లూరు రాజుకూ తగువొచ్చింది. పుల్లరి, అంటే మేత పన్ను, కట్టనన్నాడు కాటమరాజు. రాజు తరఫున యుద్ధానికి వెళ్ళినవాడు ఖడ్గతిక్కన, కవి తిక్కనకు అన్నదమ్ముల వరస. సైన్యమంతా పోయి ఒంటరిగా ఇంటికొచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు తోడి, చుట్టూ మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఆడవాళ్ళకు పెట్టినట్టు. అన్నానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. ఇవేమిటమ్మా అంటే, నువ్వు విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అంది. మర్నాడు మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు.

"పాలు ఎలా విరుగుతాయి?" అంది అమ్మాయి. దానికి ఎముకలు విరగడమే తెలుసు, బళ్ళో ఒక స్నేహితురాలి చేతికి కట్టు చూసింది కాబట్టి. నాన్న ఉత్సాహపడిపోయారు. కొమ్మ విరుగుతుంది, పాలు విరుగుతాయి, సేన విరుగుతుంది, చెట్టు విరగబూస్తుంది, జనం విరగబడి నవ్వుతారు. "పువ్వులు పూస్తే చెట్టు విరిగిపోతుందా?" అని మావాడు ఫోను పక్కన పెట్టి అడిగాడు. ఆ పూట అదే మొదటిసారి, అదీ తెలుగులో. ఇద్దరూ కలిసి విరిగేవీ విరగనివీ వెతుక్కుంటూ పదకొండు దాకా కూర్చున్నారు. గాజు గ్లాసు విరగదు, పగులుతుంది అని తాతయ్య తీర్పు. మనసు రెండూ చేస్తుందట.

నేను అనువదించబోయి మానుకున్నాను. చానమ్మ పసుపు గురించి మాత్రం అమ్మాయితో విడిగా మాట్లాడాలి. ఆడవాళ్ళ స్నానం అంత అవమానమా అని అది ఎలాగూ అడుగుతుంది.

పొద్దున్నే వంటింట్లోంచి కేక. మా అమ్మ నిన్నటి పాలు పొయ్యిమీద పెట్టినట్టుంది.

"అమ్మమ్మా, పాలు ఓడిపోయాయి!"

అమ్మ వాటిలో పంచదార వేసి కోవా చేసింది. నాన్న కాఫీ లేకుండానే పేపరు చదువుకున్నారు.