పిల్లి ఉన్న ఇంట్లో మొక్కలు

ఎండ ముదరకముందే అత్తయ్యా నేనూ నర్సరీకి వెళ్లొచ్చాం. హాలు బోసిగా ఉందని ఆవిడ రోజూ అంటూనే ఉన్నారు. మొక్కలు కొనడం ఎంతసేపు! కానీ మా పిల్లి చింటూగాడు ఉన్నాడే, ఏ ఆకు కనబడినా కొరికి చూడాల్సిందే.

నర్సరీ అబ్బాయి లిల్లీ కుండీ ముందుకు జరిపాడు. "తీసుకోండక్కా, పూసిందంటే ఇల్లంతా గుమగుమే."

వద్దన్నాను. అసలు లిల్లీలతో పిల్లుల కిడ్నీలు పోతాయి. ఆకు తినాల్సిన పని కూడా లేదు, ఒంటిమీద రాలిన పుప్పొడి నాక్కున్నా చాలు. పక్కనున్న పీస్ లిల్లీ పేరుకే లిల్లీ. దాంతో కిడ్నీలకు ముప్పు లేదు గానీ, కొరికితే నోరు మండి చొంగ కారుతుంది, వాంతులవుతాయి.

అత్తయ్య మనసంతా మనీప్లాంట్ మీదే. పీస్ లిల్లీలో లాగే దాని ఆకుల్లోనూ నోరు మండించే, సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలే ఉంటాయని చెప్పాను.

"మా పుట్టింట్లో ఎప్పుడూ ఉండేది కదమ్మా!"

"పిల్లి కూడా ఉండేదా అత్తయ్యా?"

"ఉండేది. ఇంట్లో ఎక్కడుంటుంది, ఎలకల వెంట గాదె దగ్గరే."

అదే కదా తేడా. పెరడంతా తిరిగే పిల్లికి మన మొక్కలతో పనేముంది? ఫ్లాట్‌లో పెరిగేది తోచక కుండీల మీద పడుతుంది. పైన వేలాడదీద్దామన్నా తీగ కిందికి దిగకుండా ఉంటుందా, వీడు ఎగరకుండా ఉంటాడా!

చివరికి అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ తెచ్చాం. రెండూ పిల్లులకూ కుక్కలకూ విషం కావు, మరీ ఎక్కువ నమిలితే కక్కుకుంటాయేమో, అంతే. బోస్టన్ ఫెర్న్ కూడా మంచిదే గానీ తిరుపతి ఎండలకు దానిమీద రోజూ నీళ్లు చిలకరించే ఓపిక నాకు లేదు.

మా గేటుకి రెండు వైపులా సైకస్ పెట్టారు. సాగో పామ్ అంటారు గానీ అది పామ్ కాదు. గింజ తిన్నా కుక్క లివర్ దెబ్బతింటుంది. కింది ఫ్లాట్‌వాళ్ల కుక్కపిల్ల అక్కడే ఆడుతుంటుంది, సాయంత్రం చెప్పొచ్చాను. 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరే మనది. ఏదైనా తింటే ఆ ఆకు ముక్క కూడా చేతపట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి అని కూడా అన్నాను.

బాల్కనీలో కలబంద మిగిలింది. ఆకు తుంచితే కారే పసుపు జిగురు పిల్లులకూ కుక్కలకూ పడదు, వాంతులూ విరేచనాలూ. పక్కింటి పిన్నిగారికి ఇచ్చేశాం. తలకు కావాలంటే ఆవిడే రెండు ఆకులు కోసిస్తారట.