చిన్న ఎఫ్‌పీవీ డ్రోన్‌కు ఎన్ని సెల్స్ చాలు?

అరచేతిలో ఇమిడిపోయే ఎఫ్‌పీవీ డ్రోన్‌ను, అంటే దాని కెమెరా చూపే దృశ్యాన్ని తెర మీద చూస్తూ ఎగరేసే డ్రోన్‌ను, కొత్తగా కట్టుకుంటున్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ బ్యాటరీ గురించే ఉంటుంది. 1ఎస్ (ఒక్క సెల్) సరిపోతుందా, 2ఎస్ (రెండు సెల్స్) పెట్టుకోవాలా, ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కనుక నేరుగా 4ఎస్‌కే వెళ్లిపోకూడదా అని అడుగుతారు. వోల్టేజీ ఎంత ఎక్కువైతే డ్రోన్‌కు అంత బలం అన్న నమ్మకం ఈ ప్రశ్న వెనుక ఉంటుంది. ఒకప్పుడు నాకూ అదే నమ్మకం ఉండేది. ప్రొపెల్లర్ల చుట్టూ రక్షణ వలయాలుండే 75 మిల్లీమీటర్ల వూప్ ఒకటి నా దగ్గర ఉండేది. డ్రోన్‌ను నియంత్రించే బోర్డు మీద 1ఎస్ నుంచి 2ఎస్ వరకు అని రాసి ఉందన్న ధైర్యంతో ఒకరోజు దానికి రెండు సెల్స్ బ్యాటరీ తగిలించాను. డ్రోన్ బాణంలా పైకి దూసుకుపోయింది. నిమిషం తిరగకముందే ఒక మోటారు తడబడింది. దించి చూస్తే దాని తీగచుట్ల మీది పూత మాడి నల్లబడి ఉంది. బోర్డుకు మాత్రం ఏమీ కాలేదు. బోర్డు మీద రాసి ఉన్నది బోర్డు ఎంత వోల్టేజీని తట్టుకోగలదన్న సంగతి. 1ఎస్ కోసం చుట్టిన మోటార్లకూ ఆ రాతకూ సంబంధం లేదని నాకు ఆనాడు తెలియలేదు.

ఆ మోటారు ఎందుకు మాడిందో అర్థం చేసుకుంటే, ఈ విషయంలో సగం తెలిసినట్టే. లైపో (లిథియం పాలిమర్) సెల్ ఒక్కటి పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులు, సగటున 3.7 వోల్టులు ఇస్తుంది. 1ఎస్, 2ఎస్ అన్న అంకె అలాంటి సెల్స్ ఎన్నింటిని వరుసగా కలిపారో చెబుతుంది. కాబట్టి 2ఎస్ అంటే 7.4 వోల్టులు, 3ఎస్ అంటే 11.1, 4ఎస్ అంటే 14.8, 6ఎస్ అంటే 22.2 వోల్టులు. మోటారు మీద ఉండే కేవీ అంకె, ప్రొపెల్లర్ లేకుండా ఖాళీగా తిరిగేటప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. 65 మిల్లీమీటర్ల వూప్‌లో వాడే 25,000 కేవీ మోటారును నిండు 1ఎస్ బ్యాటరీతో లెక్కిస్తే నిమిషానికి 1,05,000 చుట్లు వస్తాయి. అదే మోటారుకు 2ఎస్ ఇస్తే ఆ అంకె రెట్టింపు కావాలి, కానీ ప్రొపెల్లర్ దాన్ని కానివ్వదు. గాలిని తోయడానికి ప్రొపెల్లర్ అడిగే శక్తి, వేగానికి ఘనంగా పెరుగుతుంది: వేగం రెట్టింపైతే శక్తి 8 రెట్లు కావాలి. మోటారు ఆ వేగాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తూ విద్యుత్తును విపరీతంగా లాగుతుంది, లాగినదాంట్లో పెద్ద భాగం సన్నని తీగల్లో వేడిగా మారుతుంది, రెండు మూడు గ్రాములైనా లేని ఆ చిన్న మోటారు అంత వేడిని బయటికి పంపలేక మాడిపోతుంది.

అందువల్ల వోల్టేజీని ఎప్పుడూ కేవీతో గుణించి చూడాలి, విడిగా చూడకూడదు. 2ఎస్ కోసమే తయారైన 12,000 కేవీ మోటారును 8.4 వోల్టులతో లెక్కిస్తే 1,00,800 చుట్లు వస్తాయి. పైన చెప్పిన 1ఎస్ మోటారుకూ దీనికీ వేగంలో పెద్ద తేడా లేదు. మూడంగుళాల ప్రొపెల్లర్‌తో తిరిగే 1404 పరిమాణపు మోటారును 4ఎస్ కోసం 3,800 కేవీ దరిదాపుల్లో, 6ఎస్ కోసం అంతకన్నా చాలా తక్కువ కేవీతో చుడతారు; చివరికి ప్రొపెల్లర్ తిరిగే వేగం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే అవుతుంది. గాలికి సెల్స్ లెక్క తెలియదు, దానికి తెలిసింది ప్రొపెల్లర్ వేగమొక్కటే.

మరి వేగం ఒకటే అయినప్పుడు వోల్టేజీ పెంచడం వల్ల ఒరిగేదేమిటి? ఇక్కడ చాలామంది ఒక మాట చెబుతారు: వోల్టేజీ ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది, కరెంటు తగ్గితే నష్టం దాని వర్గానుసారం తగ్గుతుంది, కాబట్టి బ్యాటరీ తక్కువ అలసిపోతుంది అని. మొదటి రెండు మాటలూ నిజమే, మూడవదాన్ని మాత్రం కొంచెం ఆగి పరిశీలించాలి. ఒకే రకం 450 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్లు, బ్యాటరీ సామర్థ్యపు కొలత) సెల్స్ రెండు తీసుకుని వరుసగా కలిపితే 2ఎస్ అవుతుంది, పక్కపక్కన కలిపితే 900 ఎంఏహెచ్ 1ఎస్ అవుతుంది. రెండింటిలోనూ ఉన్న శక్తి 3.33 వాట్ అవర్లే. డ్రోన్‌కు 30 వాట్లు కావలసి వచ్చిందనుకుందాం: వరుసలో ఉన్నప్పుడు 7.4 వోల్టుల దగ్గర సుమారు 4 ఆంపియర్లు ప్రతి సెల్ గుండానూ వెళతాయి. పక్కపక్కన ఉన్నప్పుడు 3.7 వోల్టుల దగ్గర కావలసిన 8 ఆంపియర్లను రెండు సెల్స్ చెరిసగం పంచుకుంటాయి. ఏ విధంగా కలిపినా ఒక్కో సెల్ మోసేది 4 ఆంపియర్లే, సెల్ లోపల వేడిగా పోయేదీ అంతే. మోటారులో కూడా ఇదే జరుగుతుంది. ఎక్కువ వోల్టేజీ మోటారుకు సన్నని తీగను ఎక్కువ చుట్లు చుడతారు, తక్కువ వోల్టేజీ మోటారుకు లావు తీగను తక్కువ చుట్లు చుడతారు, రాగి బరువు ఒకటే అయితే నష్టమూ ఒకటే.

కాబట్టి వోల్టేజీ పెంచినందువల్ల నిజంగా మిగిలేది బ్యాటరీకీ మోటారుకూ మధ్యనున్న దారిలోనే: కనెక్టరు, తీగలు, టంకం వేసిన చోట్లు, మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్సీలోని ట్రాన్సిస్టర్లు. ఈ దారి నిరోధం మొత్తం 10 మిల్లీఓమ్‌లనీ, డ్రోన్ లాగేది 40 వాట్లనీ అనుకుంటే, 1ఎస్‌లో 10.8 ఆంపియర్లు ప్రవహించి దాదాపు 1.2 వాట్లు దారిలోనే పోతాయి, 0.1 వోల్టుకు పైగా తగ్గుతుంది. 4ఎస్‌లో 2.7 ఆంపియర్లే ప్రవహిస్తాయి, నష్టం 0.07 వాట్లకు పడిపోతుంది. 1ఎస్‌లో ఆ పదో వంతు వోల్టు మొత్తంలో దాదాపు 3 శాతం, అది చేతికి తెలుస్తుంది. 4ఎస్‌లో నష్టం లెక్కలోకి కూడా రాదు. డ్రోన్ లాగే శక్తి పెరిగేకొద్దీ ఈ తేడా ముఖ్యమవుతుంది, తగ్గేకొద్దీ అప్రధానమవుతుంది. చిన్న డ్రోన్లకు వోల్టేజీ ఎంచుకోవడంలో నేను పట్టుకునే సూత్రం ఇదే: దారిలోని నష్టం ఇబ్బంది పెట్టనంత వోల్టేజీ చాలు, అంతకు మించి కలిపే ప్రతి సెల్‌కూ బరువు రూపంలో మూల్యం చెల్లించాలి.

ఆ బరువు సంగతి సాధారణంగా ఎవరూ తూచి చూడరు. 65 మిల్లీమీటర్ల వూప్ బ్యాటరీ లేకుండా సుమారు 20 గ్రాములుంటుంది. 300 ఎంఏహెచ్ 1ఎస్ బ్యాటరీ సుమారు 8 గ్రాములుంటుంది. ఇదే శక్తిని రెండు చిన్న సెల్స్‌గా విడగొడితే పైతొడుగులు రెండవుతాయి, లోహపు పట్టీలు రెట్టింపవుతాయి, సెల్స్‌ను సమానంగా నింపడానికి విడిగా ఒక బ్యాలెన్స్ తీగ కావాలి. పెద్ద బ్యాటరీలో ఈ అదనపు బరువు కలిసిపోతుంది, 8 గ్రాముల బ్యాటరీలో మాత్రం ఒక్క గ్రాము కూడా మలుపు తిరిగేటప్పుడు తెలిసిపోతుంది. అందుకే ఇంటి లోపల ఎగరేసే 65 మిల్లీమీటర్ల వూప్‌కు 1ఎస్ తప్ప మరొకటి ఆలోచించవద్దని నిస్సంకోచంగా చెబుతాను. గోడలకూ కుర్చీలకూ తగిలి పడిపోయినా తేలికగా ఉన్న డ్రోన్ విరగదు, మోటార్ల వేగాన్ని పెంచి తగ్గించే థ్రాటిల్ కర్ర మీద వేలు కొంచెం కదిలితే డ్రోన్ కొంచెమే కదులుతుంది.

1ఎస్‌లో అసలు శ్రద్ధ పెట్టవలసింది కనెక్టరు మీద. చాలాకాలం వూప్‌లన్నింటికీ వచ్చిన పీహెచ్ 2.0 కనెక్టరు 2 ఆంపియర్ల కోసం రూపొందినది. పూర్తి థ్రాటిల్‌లో వూప్ దాని గుండా 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. ప్రతిసారీ తీసి పెట్టడం వల్ల దాని లోపలి పట్టు సడలి నిరోధం మరింత పెరుగుతుంది. నా పాత వూప్ ఒకటి బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా పూర్తి థ్రాటిల్‌లో 3.2 వోల్టులకు పడిపోతుంటే, బ్యాటరీలు పాడయ్యాయనుకుని రెండు మూడు మార్చి చూశాను. చివరికి డ్రోన్ వైపూ బ్యాటరీల వైపూ బీటీ 2.0 కనెక్టర్లు వేయగానే అవే పాత బ్యాటరీలు మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. ఎవరైనా 1ఎస్‌లో బలం చాలక 2ఎస్‌కు వెళ్లాలనుకుంటే, ముందు కనెక్టరు మార్చి, బ్యాటరీ తీగల పొడవు తగ్గించి చూడమని నా మనవి.

1ఎస్ వాడేవారికి లైహెచ్‌వీ (ఎక్కువ వోల్టేజీ లైపో) సెల్స్ కూడా ఉపయోగపడతాయి. వీటిని 4.35 వోల్టుల వరకు నింపవచ్చు. కానీ రెండు జాగ్రత్తలు అవసరం. మామూలు లైపో సెల్‌ను పొరపాటున 4.35 వరకు నింపడం ప్రమాదకరం, కాబట్టి ఛార్జరులో ఏ రకమో ప్రతిసారీ చూసుకోవాలి. రెండవది డ్రోన్ బోర్డులో నడిచే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్ అమరికకు సంబంధించినది: అది బ్యాటరీలో ఎన్ని సెల్స్ ఉన్నాయో తనంతట తాను లెక్కించేటప్పుడు ఒక్కో సెల్ గరిష్ఠ వోల్టేజీని 4.3గా తీసుకుంటుంది, అందువల్ల 4.35 దగ్గరున్న ఒక్క సెల్‌ను రెండు సెల్స్‌గా భావించి, ఎగరకముందే బ్యాటరీ అయిపోయిందని హెచ్చరిస్తుంది. ఆ గరిష్ఠాన్ని 4.4కు మార్చినా, సెల్స్ సంఖ్యను 1గా స్థిరపరచినా సమస్య తీరుతుంది.

2ఎస్ నా దృష్టిలో ఆరుబయలు మొదలయ్యే చోటు. 75, 85 మిల్లీమీటర్ల వూప్‌ను గాలిలో ఎగరేయాలంటే నిల్వ బలం కావాలి. ఎదురుగాలిలో థ్రాటిల్ పూర్తిగా నొక్కిపెట్టి ఇంకేమీ మిగలని స్థితి రాకూడదు. వీడియో ట్రాన్స్‌మిటర్ కూడా ఇక్కడ మాట కలుపుతుంది. డీజేఐ ఓ3 ఎయిర్ యూనిట్‌కు కనీసం 7.4 వోల్టులు కావాలి, అందువల్ల దాన్ని 1ఎస్‌తో నేరుగా నడపడం కుదరదు. ఓ4 చిన్న యూనిట్ 3.7 నుంచి 13.2 వోల్టుల వరకు తీసుకుంటుంది. అది 1ఎస్‌లో పనిచేస్తుంది, 3ఎస్ వరకు నేరుగా తగిలించవచ్చు, 4ఎస్ డ్రోన్‌లో మాత్రం దానికి బోర్డు మీది రెగ్యులేటర్ నుంచే విద్యుత్తు ఇవ్వాలి. మోటార్లను చూసి సెల్స్ ఎంచుకుని, తరువాత వీడియో యూనిట్ పొసగక తలపట్టుకున్నవారిని చూశాను. మోటార్లకూ వీడియో యూనిట్‌కూ కావలసిన వోల్టేజీలు రెండూ ఒకేసారి ముందుంచుకోవాలి.

3ఎస్ గురించి చెప్పవలసింది తక్కువ. రెండు, రెండున్నర అంగుళాల తేలికపాటి డ్రోన్లకు అది చక్కగా సరిపోతుంది.

మూడంగుళాల దగ్గర నా ఓటు 4ఎస్‌కే. ఈ పరిమాణంలో డ్రోన్ పూర్తి థ్రాటిల్‌లో కొన్ని వందల వాట్లు లాగగలదు, 1ఎస్‌లోనో 2ఎస్‌లోనో అంత శక్తిని పంపాలంటే ఎక్స్‌టీ 30 కనెక్టరూ సన్నని తీగలూ కాగిపోతాయి. 450 నుంచి 850 ఎంఏహెచ్ వరకు మంచి 4ఎస్ బ్యాటరీలు దొరుకుతాయి, డ్రోన్ బరువును బట్టి వాటిలో ఒకటి ఎంచుకోవచ్చు. ఇదే పరిమాణానికి 6ఎస్ ఎప్పుడు పెట్టుకోవాలని అడిగితే, వలయాలతో ఉన్న డ్రోన్ మీద బరువైన యాక్షన్ కెమెరాను మోయించేటప్పుడు అని చెబుతాను, ఎందుకంటే అది గాల్లో నిలబడడానికే సగం థ్రాటిల్ దాకా తీసుకుంటూ నిరంతరం ఎక్కువ శక్తి లాగుతుంది. తేలికపాటి మూడంగుళాల డ్రోన్‌కు 6ఎస్ పెడితే ఆరు బుల్లి సెల్స్ పైతొడుగుల బరువు మోయడమే అవుతుంది. అన్నింటిలోకి ఒక్క సెల్ బలహీనపడినా మొత్తం బ్యాటరీ ముందే దిగిపోవాలి. సెల్స్ ఎన్ని ఎక్కువైతే ఆ అవకాశం అంత ఎక్కువ. వోల్టేజీ పెరిగేకొద్దీ మోటార్లు ఒక్కసారిగా ఆగినప్పుడు తిరిగివచ్చే వోల్టేజీ పోటు కూడా ఈఎస్సీలను దెబ్బతీయగలదు, కనుక 4ఎస్ నుంచి పైకి బ్యాటరీ తీగలు బోర్డుకు చేరేచోట తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న 35 వోల్టుల కెపాసిటర్‌ను తప్పక టంకం వేయాలి.

ఎక్కువ వోల్టేజీ బ్యాటరీలే చేతిలో ఉండి, తక్కువ వోల్టేజీకి చుట్టిన మోటార్లున్నప్పుడు, బోర్డూ ఈఎస్సీలూ ఆ వోల్టేజీని తట్టుకునేవే అయితే, బీటాఫ్లైట్‌లో మోటారు గరిష్ఠ పరిమితిని తగ్గించే మార్గం ఒకటుంది. 4ఎస్ మోటార్లను 6ఎస్‌తో నడపడానికి దాన్ని 66 శాతానికి దించుతారు. అవసరం గడవడానికి అది పనికొస్తుంది, కొత్తగా కట్టే డ్రోన్‌కు నేను సూచించను.

కొత్త డ్రోన్‌కు ఏ వోల్టేజీ ఎంచుకున్నా మొదటి బ్యాటరీని నేను పూర్తిగా ఖాళీ చేయను. ముప్పై సెకన్లు మామూలుగా ఎగరేసి, రెండు మూడుసార్లు థ్రాటిల్ పూర్తిగా నొక్కి, ఆ క్షణంలో తెర మీద ఒక్కో సెల్ వోల్టేజీ ఎంతకు పడిందో గమనించి దించేస్తాను. నిండు బ్యాటరీ కూడా 3.3 కంటే కిందికి పడుతుంటే కనెక్టరునో సెల్స్‌నో అనుమానించాలి. తరువాత నాలుగు మోటార్లనూ వేలితో తాకి చూస్తాను. వెచ్చగా ఉంటే సరే. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే ప్రొపెల్లర్ బరువైనదన్నమాట, లేదా కేవీకి వోల్టేజీ ఎక్కువైందన్నమాట, రెండో బ్యాటరీ తగిలించే ముందే ఆ సంగతి తేల్చుకుంటాను.