అర్బేల్ కొండ మీద మత్తయి 28

పదకొండుమంది శిష్యులు గలిలయలో యేసు నిర్ణయించిన కొండకు వెళ్లారని మత్తయి రాశాడు గానీ, ఆ కొండ పేరు రాయలేదు. కొందరు తాబోరు అంటారు, కొందరు అర్బేల్ అంటారు. మేము అర్బేల్ ఎక్కింది రుజువు ఉందని కాదు, పైనుంచి కనబడేదాని కోసం.

నజరేతు నుంచి కపెర్నహూము దాకా జీసస్ ట్రయిల్ అనే కాలిబాట సుమారు 65 కిలోమీటర్లు, మామూలుగా నాలుగు రోజుల నడక. చివరి రోజు వచ్చేది అర్బేల్. ఎత్తు 181 మీటర్లే. కానీ గలిలయ సముద్రం అనే సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంది కాబట్టి అంచున నిలబడితే కళ్లు తిరుగుతాయి. మగ్దల, గెన్నేసరెతు మైదానం, కపెర్నహూము ఒక్క చూపులో అందుతాయి. కాళ్ల కిందున్న కనుమ గుండానే పాతకాలపు బాటసారులు సరస్సు వైపు దిగేవారు. మత్తయి 28:19లో "సమస్త జనులను" అన్న మాట చదవాల్సింది ఆ దారిని చూస్తూనే.

దయచేసి 16వ వచనం నుంచి చదవండి. 19తో మొదలుపెడితే "కొందరు సందేహించిరి" అన్నది జారిపోతుంది. సందేహించినవాళ్లను ప్రభువు పక్కన పెట్టలేదు, ఆజ్ఞ వాళ్లకూ ఇచ్చాడు. గ్రీకులో ఆజ్ఞగా ఉన్న క్రియ ఒక్కటే: శిష్యులనుగా చేయడం. వెళ్లడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం దాన్ని ఆనుకుని నడుస్తాయి. మన తెలుగు బైబిల్లో "బోధించుడి" కూడా ఆజ్ఞగానే ఉండడంతో ఈ తేడా కనబడదు. ఇంకొకటి: సర్వాధికారము, సమస్త జనులు, అన్నిటిని, సదాకాలము. మనకు నాలుగు మాటలు, గ్రీకులో నాలుగుసార్లూ ఒకే మాట. గట్టిగా చదివించి వినిపించండి.

దిగేటప్పుడే జాగ్రత్త. నిట్టనిలువు చోట్ల రాతికి ఇనుప కడ్డీలు, తీగలు బిగించి ఉంటాయి. ముఖం కొండవైపు పెట్టి నిచ్చెన దిగినట్టు దిగాలి. బైబిలు, ఫోను సంచిలోకి వెళ్లాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బయటివైపు తిరిగి దిగితే వీపు మీది సంచి రాతికి తగిలి మనిషిని ముందుకు తోస్తుంది. వాన పడితే సున్నపురాయి జారుతుంది, ఎక్కిన దారినే వెనక్కి రండి. ఎండాకాలమైతే తెల్లవారగానే బయల్దేరాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాలి.

మోకాళ్లు బాగాలేనివాళ్లు పైన వాక్యం విని, బండిలో సరస్సు పక్కనున్న తబ్గా ఒడ్డుకు వచ్చి కలవచ్చు. తిరిగి లేచిన యేసు ఒడ్డున శిష్యులకు కనబడిన యోహాను 21 అక్కడ చదవడానికి ఉంచుకోండి.