ఒకడు తగ్గాడు

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బస్సెక్కి, నాకొచ్చిన ఇంగ్లీషులో "ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పిల్లాడు" అని డ్రైవరుకి చెప్పాను. వెనకనుంచి మా అమ్మాయి, "మరి నువ్వు నడిచొస్తావా నాన్నా?" అంది. మా ఆవిడ ఊరుకుంటుందా? "ముప్ఫై ఏళ్ళు హాజరు పట్టీ పట్టుకున్న పంతులుగారు కదే. క్లాసులో ఆయన తనని ఎప్పుడు లెక్కేసుకున్నారు గనక!" అంది. తెలుగు రాకపోయినా డ్రైవరుకి సంగతి అర్థమైనట్టుంది, నవ్వుతూ ఇంకో టిక్కెట్టు కొట్టాడు.

ఈ ప్రయాణం మా మనవడి కోసం. వాడికి ఎనిమిదేళ్ళు, బ్యాట్‌మన్ పిచ్చి. ఒకరోజు మ్యాపులో గోథమ్ అనే ఊరు కనిపించేసరికి ఇల్లు పీకి పందిరేశాడు. "బ్యాట్‌మన్ ఊరు మన పక్కనే ఉంది తాతయ్యా!" ఏడు మైళ్ళ దూరం. అల్లుడికి డ్యూటీ, మిగిలిన నలుగురం బయల్దేరాం. మే నెల. దారి పొడుగునా మన ఆవచేలలాగే పచ్చగా పూసిన రేప్‌సీడ్ చేలు.

దిగీ దిగగానే వాడి మొహం మాడిపోయింది. ఎత్తు భవనాల్లేవు, చీకటి సందుల్లేవు. ఇటుక ఇళ్ళు, ఒక పాత చర్చి, రోడ్డు పక్కన గాలివాటం చూపించే ఇనప బొమ్మ. పేరు కూడా మనం అనుకున్నది కాదు. ఊళ్ళోవాళ్ళు 'గోటమ్' అంటారు. మేకలుండే చోటు అని దాని అర్థం. మన దగ్గరైతే ఏ మేకలపల్లో అయ్యేది. కానీ పిల్లవాడిదీ పూర్తిగా తప్పు కాదు. 1807లో ఒక అమెరికా రచయిత న్యూయార్కువాళ్ళని తెలివితక్కువవాళ్ళని ఎకసెక్కం చేస్తూ ఆ నగరానికి ఈ పల్లెటూరి పేరు తగిలించాడు. బ్యాట్‌మన్ కథలకి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. అంటే ఆ నల్లముసుగు వీరుడు కాపలా కాసేది వెర్రిబాగుల ఊరి పేరునన్నమాట.

ఈ ఊరివాళ్ళకి వెర్రివాళ్ళన్న పేరెలా వచ్చిందో కథ చెబుతారు. ఇంగ్లండుని జాన్ రాజు ఏలిన కాలం, 1199 నుంచి 1216 దాకా. రాజు ఈ ఊరిమీదుగా వెళ్తాడని కబురొచ్చింది. రాజు నడిచిన దారి రాజమార్గం అయిపోతుంది, దాని ఖర్చు ఊరి నెత్తిన పడుతుంది. వద్దంటే తలకాయలు లేస్తాయి. దాంతో ఊరంతా కూడబలుక్కున్నారు. రాజుగారి మనుషులు వచ్చేసరికి కొందరు చెట్టుమీది కోయిల చుట్టూ కంచె కడుతున్నారు. అది ఎగిరిపోకుండా ఉంటే వసంతం కూడా ఇక్కడే ఉండిపోతుందట. కొందరు మలుగుచేపకి మరణశిక్ష వేసి, చెరువులో ముంచి చంపుతున్నారు. ఇంకొందరు చీజ్ ముద్దల్ని కొండమీంచి దొర్లిస్తున్నారు, నాటింగ్‌హామ్ సంతకి వాటి దారిన అవే పోతాయని. పిచ్చి అంటుకుంటుందని భయపడే రోజులవి. రాజు వేరే దారి చూసుకున్నాడు.

కోయిల దగ్గర మాత్రం నేను కాసేపు ఆగిపోయాను. ఈ దేశపు కోయిల ఏప్రిల్‌లో వచ్చి, వేసవి ముదిరేలోపే ఆఫ్రికా వెళ్ళిపోతుంది. ఆరునెలలు చలిలో ముడుచుకున్నవాడికి దాన్ని ఆపుకోవాలనిపించదూ? అది వెర్రి అనడానికి నాకు నోరు రాలేదు.

కంచె కట్టారని చెప్పే దిబ్బ ఊరి పక్క గుట్టమీద ఉంది. నిజానికి అది చరిత్రకి ముందుకాలపు సమాధి దిబ్బ, 1847లో తవ్వి చూశారు. చూసి తీరాలని పైకెక్కాం. దురదగొండిలాంటి మొక్కేదో రాసుకుని నా చెయ్యి దద్దుర్లెక్కింది. చెట్ల మధ్య ఒక మట్టి దిబ్బ కనపడగానే మా ఆవిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. నేను ఫొటో తీశాను, ఆవిడ అక్కడికక్కడే చుట్టాల గ్రూపులో పెట్టేసింది. ఇంతలో కుక్కని తిప్పుకుంటూ వచ్చిన పెద్దాయన మా అమ్మాయితో ఏదో అన్నాడు. ఆమె మొహం చూసి నాకు అర్థమైంది. "అది కాదట నాన్నా. చాలామంది ఇక్కడే తీసుకుంటారట."

అసలుది వెతికే ఓపిక లేక దిగొచ్చేశాం. ఊళ్ళో పబ్బుకి కూడా కోయిల పేరే. అక్కడ వెనిగర్ చల్లిన చిప్స్ తింటూ మనవడికి ఇంకో గోటమ్ కథ చెప్పాను. పన్నెండుమంది చేపలకి వెళ్ళారు. తిరిగొస్తూ లెక్కపెడితే పదకొండుగురే. ఒకడు మునిగిపోయాడని ఏడుపు. గుర్రమ్మీద పోతున్న రాజోద్యోగి ఒకడు ఆగి, ఒక్కొక్కరికీ కొరడాతో ఒకటిచ్చి పన్నెండు లెక్కపెట్టాడు.

"ఇది పరమానందయ్య శిష్యుల కథ కదండీ!" అంది మా ఆవిడ. అదే. మనవాళ్ళు ముందు కొరకంచుతో ఏరు నిద్రపోయిందో లేదో చూసి మరీ దాటతారు, అంతే తేడా. గోటమ్ కథలు 16వ శతాబ్దంలోనే అచ్చయ్యాయి. ఎవరి దగ్గర ఎవరు నేర్చారో మరి! ఈ లెక్కే వేదాంతులు చెబితే అందులో పదిమంది. పదోవాడి కోసం ఏడుస్తున్నవాడితో దారినపోయేవాడు, "ఆ పదోవాడివి నువ్వే" అంటాడు. అక్కడెవరూ నవ్వరు. శంకరులు ఆ పదోవాణ్ణి ఆత్మజ్ఞానానికి ఉదాహరణగా తీసుకున్నారు. ఏరు అదే, లెక్కలో తప్పూ అదే. ఒకచోట కొరడా దెబ్బ, ఇంకోచోట మహావాక్యం.

మనవడు చిప్స్ నములుతూ ఒక ప్రశ్న వేశాడు. "వాళ్ళు నిజంగా నటించారా తాతయ్యా? లేకపోతే నిజంగానే వెర్రివాళ్ళై, తర్వాత నటించామని చెప్పుకున్నారా?"

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఎదురైన గుర్తు లేదు. జవాబూ లేదు. రోడ్డు తప్పించుకోవడానికి ఊరంతా ఒక్కరోజు వెర్రివేషం వేశారనుకుందాం. ఆ వేషం ఎనిమిది వందల ఏళ్ళైనా ఒంటిమీంచి ఊడలేదు. బేరం లాభమో నష్టమో ఊరివాళ్ళే చెప్పాలి. గోటమ్‌లో ఉండే వెర్రివాళ్ళకంటే గోటమ్ మీదుగా పోయే వెర్రివాళ్ళే ఎక్కువని మాత్రం వాళ్ళు చెప్పుకుంటారు. దద్దుర్లు గోక్కుంటూ ఆ మాట విన్నాను.

తిరుగు బస్సులో మా ఆవిడ ఫోన్ మోగింది. తప్పు దిబ్బ ఫొటోకి చుట్టాల దణ్ణాలు వరసగా వచ్చి పడుతున్నాయి. అది కాదని రాయమన్నాను. "పోనిద్దురూ, దణ్ణం పెట్టేశాంగా" అంది. చివర్లో ఆవిడ తమ్ముడి మెసేజ్ వచ్చింది, పైకి చదివింది.

"నలుగురు వెళ్ళారన్నావు, ఫొటోలో ముగ్గురే ఉన్నారు. బావ ఏడక్కా?"